ఫీడ్ పెట్టబోయే పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ బడి వెబ్‌సైటుకు ఫీడ్ పెట్టబోతున్నారని తెలిసి సంతోషించాను. ఫీడ్ అంటే సైటులో కొత్తగా ఏం వచ్చిందో చెప్పే చిన్న ఫైలు. దాన్ని చదివేది ప్రోగ్రాములు. ఫీడ్ రీడర్ కొంతసేపటికోసారి ఆ ఫైలు తెచ్చుకుని, ఇదివరకు చూడనిది ఏదైనా ఉంటే మన ముందు పెడుతుంది. రోజూ పది సైట్ల గడపలు ఎక్కి దిగే పని తప్పుతుంది. కూడలి, జల్లెడ అనే సైట్లు తెలుగు బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చూపించింది ఈ ఫీడ్లతోనే. పాడ్‌కాస్టులు ఈనాటికీ దీనిమీదే నడుస్తున్నాయి.

ఫీడ్ రాసే పద్ధతుల్లో ఒకటి ఆర్‌ఎస్‌ఎస్. దాని మొదటి రూపాన్ని 1999లో బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ తెచ్చింది. 2000 డిసెంబరులో వచ్చిన 1.0 రచయితల్లో ఆరన్ స్వార్ట్జ్ ఒకడు. అప్పటికి అతనికి 14 ఏళ్లు, దాదాపు మీ ఈడే. ఇప్పుడు ఎక్కువగా వాడేవి 2002 నాటి ఆర్‌ఎస్‌ఎస్ 2.0, 2005 నాటి ఆటమ్ అనే మరో పద్ధతి. రీడర్లు రెండూ చదువుతాయి, ఏదో ఒకటి చాలు.

ఫైలు మొదట సైటు పేరు, లింకు, వివరణ ఉంటాయి. వాటి కింద ఒక్కో అంశం, దాని శీర్షిక, లింకు, సారాంశం, తేదీ, గుర్తింపు సంఖ్య. అన్నిటిలోకీ ముఖ్యమైనది ఈ గుర్తింపు సంఖ్యే, చాలామంది పట్టించుకోనిదీ అదే. ఇది చూసిందా, చూడనిదా అని రీడర్ తేల్చుకునేది దాన్నిబట్టే. చాలా సైట్లు పేజీ చిరునామానే గుర్తింపుగా వాడతాయి. తర్వాత ఎప్పుడో చిరునామా మొదట్లో ఉండే హెచ్‌టీటీపీ నుంచి భద్రమైన హెచ్‌టీటీపీఎస్‌కి మారినప్పుడు ఆ గుర్తింపులన్నీ మారిపోయి, పాత సంగతులన్నీ మళ్లీ కొత్తవిగా వచ్చి పడతాయి. చదివేవాళ్లకు విసుగొచ్చి ఫీడ్ తీసేస్తారు. అందుకే శీర్షిక మార్చినా, సైటు మార్చినా మారని సంఖ్యను మొదటిరోజే ఇవ్వండి. ఆర్‌ఎస్‌ఎస్‌లో అయితే అది పేజీ చిరునామా కాదని కూడా పక్కనే రాయాలి, లేకపోతే రీడర్ దాన్ని లింకు అనుకుంటుంది.

ఆర్‌ఎస్‌ఎస్ తేదీలో వారం, నెల పేర్లు ఇంగ్లీషు పొట్టిరూపాల్లోనే ఉండాలి, తెలుగులో రాస్తే ప్రోగ్రాముకు అర్థం కాదు. సమయం చివర +0530 మరవకండి. మన గడియారంలో ఉదయం 7 గంటలను గ్రీనిచ్ సమయమని రాస్తే, రీడర్ దాన్ని మధ్యాహ్నం 12:30గా చూపిస్తుంది.

ఫీడ్ ఎక్స్ఎంఎల్ అనే గుర్తుల భాషలో ఉంటుంది. అది చండశాసనురాలు. శీర్షికలో ఒక్క & గుర్తును ఉన్నదున్నట్టు వదిలేస్తే ఫైలు మొత్తం చెల్లదు. దాని బదులు ఆ గుర్తు, వెంటనే ఏ, ఎం, పీ అనే చిన్న ఇంగ్లీషు అక్షరాలు, చివర సెమికోలన్ రాయాలి. ఫైలు మొట్టమొదట ఉండే ఎక్స్ఎంఎల్ ప్రకటనకు ముందు ఖాళీ వరుస ఉన్నా అంతే. సైటును నడిపే పీహెచ్‌పీ ప్రోగ్రాము ఫైళ్ల చివర మిగిలిపోయిన ఖాళీ వరుసలే తరచూ దీనికి కారణం. తెలుగు అక్షరాలు చెడకుండా యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో దాచండి. బొమ్మలకు పూర్తి చిరునామా ఇవ్వండి, సగం చిరునామా మీ సైటులో పనిచేసినా రీడర్లో పనిచేయకపోవచ్చు.

ఎన్ని అంశాలు ఉంచాలి? సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ మామూలుగా 10 ఉంచుతుంది. పోటీల రోజున 15 ఫలితాలు పెట్టారనుకోండి, రోజుకోసారి వచ్చే రీడర్‌కు ముందు పెట్టిన 5 అందవు. మీకు 30 నయం. ఫైలు మారకపోతే "మారలేదు" అని 304 జవాబు ఇచ్చేలా సర్వర్‌ను అమర్చండి, అడిగిన ప్రతిసారీ ఫైలంతా పంపనక్కరలేదు.

ఇతరుల ఫీడ్లను మీ పేజీలో చూపాలంటే శీర్షిక, రెండు వాక్యాలు, అసలు పేజీకి లింకు, అంతవరకే. ఫీడ్ అందరికీ తెరిచి ఉన్నా, రాత మాత్రం రాసినవాళ్లదే. మొత్తం వేయాలంటే వాళ్లను అడగండి.

పెట్టాక, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూత్రీసీ వారి ఫీడ్ వాలిడేటర్‌లో చిరునామా ఇచ్చి చూడండి. తప్పు ఏ వరుసలో ఉందో అదే చెబుతుంది. టెంప్లేటు మార్చిన ప్రతిసారీ మళ్లీ చూడండి. ఫీడ్ చిరునామా మార్చాల్సి వస్తే పాతదాని నుంచి 301 అనే శాశ్వత దారిమళ్లింపు పెట్టి, కనీసం ఏడాదిపాటు తీయకండి.

ఇట్లు,
మీ తాతయ్య