ఎన్ని కిలోమీటర్లు తోలాడు?

ఫ్యాక్టరీల్లో పని రోజును 9 గంటల నుంచి 10కి పెంచాలని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో నిర్ణయించాక, ఒంగోలు, చీమకుర్తి వైపు పాత ప్రశ్న మళ్లీ లేచింది. పని భారంతో గుండె ఆగితే దాన్ని ప్రమాదం అనొచ్చా? పనిలో ప్రమాదం జరిగితే యజమాని పరిహారం కట్టాలని 1923 నాటి పరిహార చట్టం చెప్పింది. అసలు గొడవంతా రెండు సుప్రీంకోర్టు తీర్పుల మధ్య ఉంది. రెండూ బండి మీద బతికినవాళ్లవే.

2006లో వచ్చింది ఒక క్లీనర్ కేసు. బండిలో పోతూ గుండెపోటుతో చనిపోయాడు. డ్యూటీలో పోయినంత మాత్రాన చాలదు, పని వల్లే ఒత్తిడి కలిగిందని చూపాలంటూ కోర్టు కాదంది. ఇన్సూరెన్స్ వాళ్ల వాదనకు ఇప్పటికీ అదే ఆసరా.

మలుపు 2012లో. ఢిల్లీలో బయల్దేరిన డ్రైవర్ 1,152 కిలోమీటర్లు తోలి, జార్ఖండ్‌లోని నిమియాఘాట్ దగ్గర ఒంట్లో బాగాలేక బండి రోడ్డు పక్కన ఆపాడు. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. హైకోర్టు పరిహారం కొట్టేసింది. సుప్రీంకోర్టు ఇప్పించింది. అంత దూరం లారీ తోలితే ఒత్తిడి కలగదా అన్నదే దాని తర్కం. ఇంటివాళ్లకు మొదటిసారి చేతికి ఒక కొలత దొరికింది: దూరం.

కొలత ఉన్నా దాన్ని నిరూపించే కాగితం కావాలిగా. చీమకుర్తి నుంచి గ్రానైట్ బ్లాకులు ఎత్తుకుని పోర్టుకు పోయే డ్రైవర్‌కు హాజరు పట్టీ ఎక్కడిది? మామూలుగా రోజుకు 8 గంటలేనని 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది, లెక్కపెట్టిందెవరో మాత్రం చెప్పలేం. ఆస్పత్రి దగ్గర ‘ఎటూ పోయాడు, ఇంక కోయడమెందుకు’ అని పోస్టుమార్టం వద్దనుకుంటారు. తీరా కేసు వేశాక ముందు అడిగేది ఆ రిపోర్టే. ఇక పదో గంట కూడా మామూలు డ్యూటీ అయిపోతే, ఫ్యాక్టరీ కార్మికుడి ఇంటివాళ్లు ‘పని ఎక్కువైంది’ అని ఏ గంట నుంచి లెక్క చెప్పాలి?

లారీ డ్రైవర్‌కు మిగిలేవి కాటా చీటీ, టోల్ రసీదులు. ఒకప్పుడు టంగుటూరు, ముసునూరు టోల్‌గేట్లలో ఇచ్చిన రసీదు మీద టైమ్ ఉండేది, అది చొక్కా జేబులోనే ఉండేది. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. డబ్బు కట్ అయిన మెసేజ్ ఇప్పుడు ఓనర్ ఫోన్‌కు పోతుంది.