రుస్కా తయారుచేశాడు, పేటెంట్ మరొకరిది: ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వెనక కథ

కాంతితో పనిచేసే మైక్రోస్కోప్‌కు ఒక హద్దు ఉంది. సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు అందులో ఒక్కటిగానే కనిపిస్తాయి. కటకాలను ఎంత నునుపుగా సానబెట్టినా ఇంతే. చాలా వైరస్‌లు ఆ హద్దుకు అవతలే ఉండిపోయాయి. కాంతికి బదులు ఎలక్ట్రాన్లతో పనిచేసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఆ హద్దును దాటింది.

తీగచుట్టలోని అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్లకు కటకంలా పనిచేస్తుందని 1926లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త హాన్స్ బుష్ లెక్కకట్టి చూపించాడు. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మాక్స్ నోల్ దగ్గర చదువుకుంటున్న ఎర్నెస్ట్ రుస్కా ఆ మాటను చేతల్లో పెట్టాడు. 1931లో అలాంటి రెండు కటకాలను వరసగా అమర్చి బొమ్మ తీశాడు. పెరిగిన పరిమాణం ఇరవై రెట్లు కూడా లేదు. మామూలు భూతద్దానికి కాస్త పైమాట, అంతే. అయినా దారి సరైనదేనని తేలిపోయింది.

అదే ఏడాది మే నెలాఖరున జర్మన్ కంపెనీ సీమెన్స్‌లోని ఇంజినీరు రైన్‌హోల్డ్ రూడెన్‌బర్గ్ ఈ ఆలోచనకు పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. పరికరం మాత్రం ఆయన తయారుచేయలేదు. ఆవిష్కర్త ఎవరన్న వాదన అక్కణ్ణుంచే మొదలైంది. నా మటుకు నాకు, పనిచేసే యంత్రాన్ని నిలబెట్టిన రుస్కాదే పెద్ద వాటా.

1933లో ఆయన తయారుచేసిన కొత్త పరికరం సుమారు 12,000 రెట్లు పెంచి, కాంతి మైక్రోస్కోప్‌ను దాటేసింది. కానీ ఎలక్ట్రాన్ల తాకిడికి అందులో పెట్టిన నూలుపోగు మాడి బొగ్గయింది. జీవకణాలను పెడితే మిగిలేది బూడిదేనని చాలామంది పెదవి విరిచారు. డబ్బు పెట్టేవాళ్లు దొరక్క, రుస్కా టెలివిజన్ కంపెనీలో ఉద్యోగానికి వెళ్లాల్సి వచ్చింది.

ఈ యంత్రాన్ని బతికించింది ఇంటివాళ్లే అనాలి. రుస్కాకు సహచరుడు, తర్వాత బావగారైన బోడో ఫాన్ బోరీస్ పట్టువదలకుండా కంపెనీల చుట్టూ తిరిగాడు. వైద్యుడైన రుస్కా తమ్ముడు హెల్ముట్ ఇది వైద్యానికి ఎంత అవసరమో వాదించాడు. 1937లో యంత్రం తయారీకి సీమెన్స్ ఒప్పుకుంది. 1939లో మొదటి యంత్రాలు అమ్మకానికి వచ్చాయి. పొగాకు మొక్కలకు తెగులు తెచ్చే పొగాకు మొజాయిక్ వైరస్ కడ్డీల్లా ఉంటుందని ఆ ఏడాదే హెల్ముట్ బృందం బొమ్మతో సహా చూపించింది.

రుస్కాకు నోబెల్ 1986లో వచ్చింది, 79 ఏళ్ల వయసులో. అదీ సగం బహుమతే. మిగతా సగం, 1980ల తొలినాళ్లలో మరో రకం మైక్రోస్కోప్ కనిపెట్టిన బిన్నిగ్, రోరర్‌లకు వెళ్లింది. వాళ్లకు కొన్నేళ్లలోనే అందిన గుర్తింపు రుస్కాకు అందడానికి 55 ఏళ్లు పట్టింది. అప్పటికి నోల్, రూడెన్‌బర్గ్, బోరీస్, హెల్ముట్ నలుగురూ కన్నుమూశారు. చనిపోయినవారికి నోబెల్ ఇవ్వరు కనుక, వాళ్లలో ఎవరికి ఎంత వాటా దక్కాలో తేల్చే అవసరం కమిటీకి రాలేదు.