లివర్ క్యాన్సర్ ఆపరేషన్, రక్తపరీక్షలో అంకెలు: అపోహలు - వాస్తవాలు

కావలి, ఉదయగిరి వైపు నుంచి నెల్లూరుకు చెకప్‌కి వచ్చే కుటుంబాలు ఈ మధ్య సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టు చూసి ఫోన్లో లెక్క కట్టుకుని మరీ వస్తున్నాయి. "సార్, నాన్నకి ఎన్ఎల్ఆర్ నాలుగుంది. ఇంక లాభం లేదా?" అని వరండాలోనే ఆపి అడిగిన ఒక కొడుకు ముఖం నాకింకా గుర్తుంది. అలాంటి వాళ్ళ కోసమే ఇది.

అపోహ: ఆ అంకె పెరిగితే క్యాన్సర్ తిరగబెట్టినట్టే.

వాస్తవం: న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ రెండూ తెల్ల రక్తకణాల్లో రకాలు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఎన్ఎల్ఆర్. 72, 18 ఉంటే 4. లింఫోసైట్స్ క్యాన్సర్ కణాలతో పోరాడతాయి. న్యూట్రోఫిల్స్ మరీ ఎక్కువైతే గడ్డకి కొత్త రక్తనాళాలు రావడానికి సాయపడతాయి. ఆపరేషన్‌కి ముందే ఈ అంకె ఎక్కువున్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని చాలా పరిశోధనల్లో తేలిన మాట నిజమే. కానీ అది వందల మందిని కలిపి చూసినప్పటి సంగతి. ఎంత దాటితే ఎక్కువ అన్నదానికీ ఒకే గీత లేదు, కొందరు 2 అంటే కొందరు 5 అన్నారు. పంటి చిగురు వాచినా, స్టెరాయిడ్ మాత్ర వేసుకున్నా ఇది పెరుగుతుంది. ఆపరేషనైన మొదటి రోజుల్లో దాదాపు అందరికీ పెరుగుతుంది. గడ్డ సైజు, అది రక్తనాళాల్లోకి పాకిందా, మిగిలిన లివర్ ఎలా ఉంది, మేము ముందు చూసేవి ఇవి.

అపోహ: సీఆర్‌పీ తక్కువుంటే భయం లేదు.

వాస్తవం: ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్ సీఆర్‌పీ. దాన్ని తయారుచేసేదే లివర్. మిగిలిన లివర్ బలహీనంగా ఉంటే, ఇన్ఫెక్షన్ ఉన్నా అది అంతగా పెరగకపోవచ్చు. ప్లేట్‌లెట్స్‌ని లింఫోసైట్స్‌తో భాగించి కట్టే లెక్కలోనూ ఇలాంటి చిక్కే ఉంది. సిరోసిస్‌లో (లివర్ గట్టిపడిపోయే జబ్బు) ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్స్‌ని పట్టేసుకుంటుంది, రక్తంలో అవి తగ్గుతాయి కాబట్టి లెక్క తక్కువగా వచ్చి బాగున్నట్టే కనిపిస్తుంది. జ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా, మనిషి మత్తుగా ఉన్నా రిపోర్టు కోసం ఆగకుండా వచ్చేయండి.

అపోహ: రక్తపరీక్ష బాగుంది, స్కాన్ ఎందుకు?

వాస్తవం: ఐదేళ్ళలో సగం మందికి పైగా తిరగబెట్టే జబ్బు ఇది. మొదటి రెండేళ్ళు మూడు నాలుగు నెలలకోసారి సీటీ లేదా ఎంఆర్ఐ స్కాన్, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ జాడ చూసే రక్తపరీక్ష) చేయించాలి. చిన్నగా ఉన్నప్పుడే దొరికితే మళ్ళీ ఆపరేషనో, సూది పెట్టి కాల్చడమో చేయొచ్చు. రొయ్యల పట్టుబడి ఉందనో, కోతలున్నాయనో ఆలస్యం చేసి వచ్చినవాళ్ళని చూస్తే చాలా బాధేస్తుంది.

అపోహ: పప్పు పెడితే కుట్లు చీము పడతాయి.

వాస్తవం: పట్టవు. రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గడం కూడా మంచి సూచన కాదు, అలాంటి మనిషికి నెలంతా చారన్నం పెడితే ఎలా? పప్పు, గుడ్డు, పెరుగు, చేపల పులుసు పెట్టండి. పొట్టలో నీరు చేరితే మాత్రం పులుసులో ఉప్పు బాగా తగ్గించి, ఊరగాయ, ఎండుచేప మానిపించండి.