పాత బోర్డుకు ఈఎస్‌పీ32 కలపడం: అపోహలు – వాస్తవాలు

ఎయిర్ కూలర్‌నో, వాషింగ్ మెషీన్‌నో ఫోన్‌తో నడపాలని లోపలి బోర్డుకు ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్) కలిపి ఇమ్మని చాలామంది నా దగ్గరికి వస్తారు. కొందరు తామే వైర్లు అతికించి, అది పనిచేయక తెస్తారు. ప్రోగ్రామ్‌లో తప్పుందనుకుంటారు. కానీ చాలాసార్లు తప్పు ఉండేది వైర్ల దగ్గరే. పాత బోర్డు ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా వేసిన వైర్లవి.

అపోహ: బోర్డు మీద 5 వోల్టులు ఉన్నాయిగా, ఈఎస్‌పీకి అక్కడి నుంచే సప్లై తీసుకోవచ్చు.

వాస్తవం: ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం, మిగతావి వదిలేసినా ఇది చదవండి. చిన్న ఉపకరణాల్లో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఒక పెద్ద కెపాసిటరో, చిన్న ఐసీనో 230 వోల్టులను నేరుగా తగ్గిస్తుంది. మల్టీమీటర్ 5 వోల్టులే చూపిస్తుంది, కానీ ఆ బోర్డులో గ్రౌండ్ అనుకునే గీత మెయిన్స్‌తో (ఇంటి 230 వోల్టుల లైన్‌తో) కలిసే ఉంటుంది. దానికి కలిపిన ఈఎస్‌పీని యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి పెడితే ల్యాప్‌టాప్ పోతుంది, ముట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది. కాయిల్ లాంటిది కనిపించినంత మాత్రాన నమ్మకండి. మెయిన్స్ వైపుకీ తక్కువ వోల్టుల వైపుకీ మధ్య వెడల్పైన ఖాళీ, దాన్ని దాటుతూ ట్రాన్స్‌ఫార్మర్, ఆప్టోకప్లర్ (వైరు కలపకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించే భాగం) మాత్రమే ఉన్నాయేమో చూడండి. ఏ కొంచెం అనుమానం ఉన్నా బోర్డు మొత్తంలో మెయిన్స్ ఉన్నట్టే లెక్క.

అలాంటి చోట ఈఎస్‌పీకి విడిగా మంచి 5 వోల్ట్ అడాప్టర్ ఇవ్వాలి. సిగ్నళ్లు పీసీ817 లాంటి ఆప్టోకప్లర్ల గుండానే పోవాలి. రెండు గ్రౌండ్లు కలపాల్సిందే అని అందరూ చెప్పే సూత్రం ఇక్కడ వర్తించదు, కలపనే కూడదు. ప్రోగ్రామ్ ముందే ఎక్కించి, తర్వాతి మార్పులు వైఫై ద్వారా పంపండి.

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బోర్డులోనూ ఒక చిక్కుంది. వైఫై సిగ్నల్ పంపే క్షణంలో ఈఎస్‌పీ32 దాదాపు 240 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. పాత బోర్డు మీద 5 వోల్టులు ఇచ్చే 78ఎల్05 రెగ్యులేటర్ ఇవ్వగలిగేది 100. అందుకే ఈఎస్‌పీ మాటిమాటికీ రీసెట్ అవుతుంది. 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ క్షణకాలపు అవసరాన్ని ఆదుకుంటుంది కానీ, చాలని సప్లైని పెంచలేదు.

అపోహ: బటన్ కాలును గ్రౌండ్‌కి లాగితే నొక్కినట్టే.

వాస్తవం: ఒకటి రెండు బటన్లే ఉంటే అంతే. ప్యానెల్ నిండా బటన్లు, డిస్‌ప్లే ఉంటే అవి అడ్డం, నిలువు వరుసలుగా కలిసి ఉంటాయి. బటన్ రెండు కాళ్లలో ఏదీ గ్రౌండ్ కాదు. దాన్ని గ్రౌండ్‌కి లాగితే వేరే బటన్లు పనిచేస్తాయి, అంకెలు మినుకుమంటాయి. ప్లగ్ తీసేసి, బటన్ కాలుకీ గ్రౌండ్‌కీ కంటిన్యూటీ ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే ఆ రెండు కాళ్ల మధ్యే ఆప్టోకప్లర్ పెట్టాలి. దానికి దిశ ఉంటుంది, స్పందించకపోతే అవుట్‌పుట్ కాళ్లు తిప్పి చూడండి. ఆప్టోకప్లర్ బదులు సీడీ4066 అనే స్విచ్ ఐసీ వాడాలంటే గ్రౌండ్లు కలవాలి కాబట్టి, అది మెయిన్స్ లేని బోర్డులకే.

అపోహ: 5 వోల్ట్ సిగ్నల్ నేరుగా ఇచ్చినా పనిచేస్తోంది, ఏమీ కాదు.

వాస్తవం: ఈఎస్‌పీ32 పిన్ను తట్టుకునే హద్దు సుమారు 3.6 వోల్టులు. ఇవాళ పనిచేస్తుంది, ఎప్పుడు చచ్చిపోతుందో చెప్పలేం. సిగ్నల్ దారిలో 1 కిలో ఓం, పిన్ను నుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓంల రెసిస్టర్ వేస్తే 3.3కి దిగుతుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇవి కొనడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అపోహ: లావు వైరైతే గట్టిగా ఉంటుంది.

వాస్తవం: లావు వైరు కదిలిన ప్రతిసారీ బోర్డు మీద టంకం వేసే రాగి ప్యాడ్‌ని లాగుతుంది, ఆఖరికి ప్యాడ్ లేచిపోతుంది. సిగ్నళ్లకు 30 గేజ్ చాలు. 10 సెంటీమీటర్ల ముక్కలో 240 మిల్లీ ఆంపియర్లు పారినా పోయేది 10 మిల్లీవోల్టుల లోపే. టంకం వేశాక వైరును బోర్డుకు అంటించండి, అయితే వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం వద్దు, రాగిని తినేస్తుంది. యాసిడ్ ఫ్లక్స్ కూడా అంతే.

అపోహ: ఏ పిన్నైనా ఒకటే.

వాస్తవం: బూట్ అయ్యేటప్పుడు 12 నంబరు పిన్ (జీపీఐఓ12) హైలో ఉంటే సాధారణ మాడ్యూళ్లు స్టార్టే కావు. 34 నుంచి 39 వరకు ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, వాటిలో పుల్‌అప్ (పిన్‌ను హైలో పట్టి ఉంచే లోపలి రెసిస్టర్) కూడా ఉండదు. మామూలు ఈఎస్‌పీ32లో నేను ముందు తీసుకునేవి 25, 26, 27, 32, 33. ఈఎస్‌పీ32లోనే వేరే రకాలైన ఎస్3, సీ3లకు ఈ లెక్క వేరు.