శుక్లం ముదిరేదాకా ఆగాలా? కంటి క్యాంపుల్లో వినే అపోహలు

మా ఆసుపత్రి తరఫున ఊళ్ళలో కంటి క్యాంపులు నడుపుతుంటాను. ‘పెద్దమ్మా, శుక్లం వచ్చింది, ఆపరేషన్ చేయించుకోవాలి’ అనగానే వెనక నుంచి ఎవరో ఒకరు అందుకుంటారు: ‘ఇంకా ముదరలేదు కదా, ముదిరాక చూద్దాంలే!’

అపోహ: శుక్లం ముదిరాకే తీయాలి.

వాస్తవం: శుక్లం అంటే కంటిలోని లెన్స్ మసకబారడం. ముదిరాకే తీయాలన్నది తాతల కాలంలో నిజమే. అప్పట్లో కంటిలోని లెన్స్‌ను సంచితో సహా లాగేసేవాళ్ళు. ముదిరితే తేలిగ్గా ఊడివచ్చేది. ఆ తర్వాత జీవితాంతం సోడాబుడ్డి అద్దాలే. ఇప్పుడు చిన్న కోతతో శుక్లం తీసి, అదే చోట కృత్రిమ లెన్స్ పెడుతున్నాం. ముదిరేకొద్దీ శుక్లం గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. కొందరిలో ముదిరిన శుక్లం ఉబ్బి, కంటిలోని నీరు బయటికి పోయే దారిని మూసేస్తుంది. కంటి లోపల ప్రెషర్ ఒక్కసారిగా పెరిగి కంటి నరం దెబ్బతింటుంది. నీటికాసుల్లో (గ్లకోమాలో) ఇదొక రకం.

మేం చూసిన ఒక పెద్దావిడను, వరి కోతలు అయ్యాక తీసుకొస్తానన్నాడు కొడుకు. కోతలయ్యాయి, నాట్లూ అయ్యాయి. ఒక రాత్రి ఆవిడకు తలపోటు, వాంతులు. గ్యాస్ అనుకుని మాత్రలు వేశారు. కన్ను ఎర్రబడ్డాక తీసుకొచ్చారు. శుక్లం తీశాం, ప్రెషర్ తగ్గింది. కానీ చచ్చిన నరం తిరిగి రాదు. లైటు వేస్తే వెలుతురు తెలుస్తుంది, అంతే. ‘ముదిరాక తీసుకొస్తే మంచిదన్నారండీ’ అన్నాడు కొడుకు. ఆ సలహా ఇచ్చినవాళ్ళు ఆసుపత్రికి రాలేదు.

మరి ఎప్పుడు చేయించుకోవాలి? అద్దాలు మార్చినా బియ్యంలో రాళ్ళు కనబడకపోతే, బస్సు బోర్డు చదవలేకపోతే, మసక చీకట్లో గడప తట్టుకుంటుంటే సమయం వచ్చినట్టే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ‘చలికాలంలోనే చేయించుకోవాలి’: ఏ కాలమైనా ఫర్వాలేదు. ‘పప్పు తింటే చీము పడుతుంది’: పడదు, హాయిగా తినండి. ‘క్యాంపులోనే కోసేస్తారు’: క్యాంపులో చూడటం వరకే, ఆపరేషన్ ఆసుపత్రి థియేటర్‌లో. ‘మళ్ళీ శుక్లం వస్తుంది’: రాదు. లెన్స్ వెనక పొర మసకబారితే లేజర్‌తో సరిచేస్తారు. ‘ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగులో అద్దాలిచ్చారుగా, ఇంకేం చూపించుకోవాలి?’: అద్దాలు శుక్లాన్ని కరిగించవు. షుగర్ ఉన్నవాళ్ళు చూపు బాగున్నా ఏడాదికోసారి కంటి వెనక రెటీనా చూపించుకోవాల్సిందే. ఇక కంట్లో ఆకు పసరు పిండేవాళ్ళతో నాకు ఓపిక లేదు. నల్లగుడ్డు మీద పుండు పడితే మిగిలేది తెల్లమచ్చే.

భయపడేవాళ్ళను మాత్రం నేను విసుక్కోను. ఒక కన్ను ఇదివరకే పోయి, ఉన్న ఒక్క కంటికి ఆపరేషన్ అంటే ఎవరికైనా టెన్షనే. అలాంటివాళ్ళు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, ఎన్ని ప్రశ్నలైనా అడగండి.

క్యాంపుకు వచ్చేటప్పుడు బీపీ, షుగర్ మందుల చీటీ తెచ్చుకోండి. అవసరమైతే చుక్కలు వేసి చూస్తాం, కొన్ని గంటలు మసకగా ఉంటుంది. కాబట్టి బండి నడుపుకుంటూ ఒక్కరే రాకండి.