ఓటింగ్ లేని సభలో చమురు దేశాలదే మాట

2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలెంలో ముగిసిన ఐరాస వాతావరణ సదస్సు కాప్ 30 ప్రధాన తీర్మానంలో చమురు, బొగ్గు, గ్యాస్ ఊసే లేదు. వాటి నుంచి బయటపడేందుకు రోడ్‌మ్యాప్ కావాలని 80కి పైగా దేశాలు పట్టుబట్టినా చమురు దేశాలు ససేమిరా అన్నాయి. చాలామంది అమెరికా గైర్హాజరును తప్పుపట్టారు గానీ, అసలు ముడి 30 ఏళ్ల కిందటే పడింది.

వాతావరణ మార్పును అడ్డుకునేందుకు 1992లో దేశాలు చేసుకున్న ఐరాస ఒప్పందమే రియో ఒప్పందం. దాని అమలు కోసం దేశాలు మొదటిసారి కూర్చున్నది 1995లో, బెర్లిన్‌లో. సభ ఎలా నడవాలో చెప్పే నిబంధనలను ముందు ఆమోదించాలి. వాటిలో 42వది ఓటింగ్ గురించి. ఏకాభిప్రాయం రాకపోతే మెజారిటీతో తేల్చేయొచ్చా అన్నది పేచీ. సౌదీ అరేబియా, దాని తోటి చమురు దేశాలు కుదరదన్నాయి. సరే, 42 తప్ప మిగతావి పాటిద్దామని తాత్కాలికంగా సర్దుకున్నారు. ఆ సర్దుబాటే ఇప్పటికీ నడుస్తోంది. ఏటా అజెండాలో ఈ అంశం వస్తుంది, ఎప్పటిలాగే కానిద్దామంటారు అధ్యక్షులు, సభ ముందుకు సాగిపోతుంది.

పోనీ, ఏకాభిప్రాయమంటే ఏమిటో రాసుకున్నారా? అదీ లేదు. 2010లో కాంకున్‌లో బొలీవియా వద్దంటున్నా సభాధ్యక్షురాలైన మెక్సికో మంత్రి ప్యాట్రీసియా ఎస్పినోసా సుత్తి కొట్టి తీర్మానం ఆమోదించేశారు. ఒంటరి దేశం మీద చేసిన ఆ సాహసం చమురు దేశాల మీద ఎవరూ చేయరు.

గ్లాస్గో సదస్సు తీర్మానంలో 2021లో బొగ్గును 'క్రమంగా మానేయడం' కాస్తా భారత్ అభ్యంతరంతో చివరి ఘడియలో 'క్రమంగా తగ్గించడం' అయింది. ఫిజీ, మార్షల్ దీవులు నిరసన చెప్పి కూడా, మొత్తం ఒప్పందమే పోతుందన్న భయంతో ఒప్పుకున్నాయి. బొగ్గునొక్కదాన్నే ఎందుకు పట్టుకోవాలని మరుసటి ఏడాది ఈజిప్టులో భారత్ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ అన్ని శిలాజ ఇంధనాలనూ చేర్చాలన్న ఆ ప్రతిపాదన కూడా తీర్మానంలోకి ఎక్కలేదు.

శిలాజ ఇంధనాల నుంచి దూరం జరగాలన్న మాట 2023లో దుబాయ్‌లో ఎట్టకేలకు దక్కింది. అక్కడ సుత్తి దెబ్బ పడేసరికి చిన్న ద్వీప దేశాల ప్రతినిధులు ఇంకా హాల్లోకే రాలేదు. ఆ మాట సమోవా ప్రతినిధి అదే సభలో లేచి చెప్పారు.

ఓటింగ్ పెడితే ఓడిన దేశాలు ఒప్పందం నుంచే తప్పుకుంటాయని కొందరి వాదన. ఓటింగ్‌కు వీలిచ్చే సవరణను పపువా న్యూగినీ, మెక్సికో 2011లోనే ప్రతిపాదించాయి. అది ఏళ్ల తరబడి వాయిదా పడుతూ వచ్చింది. ఇప్పుడు కొలంబియా, నెదర్లాండ్స్ వేరే దారి పట్టాయి. ఐరాస చర్చలతో పనిలేకుండా, శిలాజ ఇంధనాల నుంచి బయటపడటంపై ఇష్టమున్న దేశాలతో కొలంబియా నగరం శాంటా మార్టాలో సదస్సు పెడతామని బెలెంలోనే ప్రకటించాయి. దానికి సౌదీ అనుమతి అక్కర్లేదు. అయితే అక్కడ తేల్చింది సౌదీకి వర్తించదు కూడా.