సైటోకైన్లు పిండానికి శత్రువులా? అపోహలు - వాస్తవాలు

ఐవీఎఫ్‌లో పిండాన్ని గర్భాశయంలో పెట్టే ట్రాన్స్‌ఫర్ ఫెయిలైన దంపతుల నుంచి, ల్యాబ్‌లో పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్టుగా నేను పదేపదే వినే మాట: "ఇమ్యూనిటీ ఎక్కువై పిండాన్ని బతకనివ్వడం లేదట." ఎవరన్నారంటే, ఎక్కడో చదివామంటారు.

అపోహ: సైటోకైన్లు (కణాలు, ముఖ్యంగా రోగనిరోధక కణాలు, ఒకదానికొకటి సంకేతాలు పంపుకోవడానికి విడుదల చేసే ప్రోటీన్లు) పెరిగితే పిండం అతుక్కోదు, వాటిని అణచేయాలి.

వాస్తవం: అవి లేకపోతేనే అతుక్కోదు. బ్లాస్టోసిస్ట్ (ఐదారు రోజుల పిండం) గర్భాశయ పొరలోకి చొచ్చుకుపోయే రోజుల్లో అక్కడ కొంత ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు లాంటి రోగనిరోధక స్పందన, ఉండి తీరాలి. లిఫ్ అనే సైటోకైన్ జన్యువు తీసేసిన ఆడ ఎలుకల మీద 1992లో ఒక పరిశోధన వచ్చింది. వాటి పిండాలు బ్లాస్టోసిస్ట్ దాకా చక్కగా పెరిగాయి, అతుక్కోవడం మాత్రం జరగలేదు. అవే పిండాలను మామూలు ఎలుకల్లో పెడితే అతుక్కున్నాయి. మరి లిఫ్ ఇంజెక్షన్ చేస్తే సరిపోతుందా? స్త్రీలలో అదీ చేసి చూశారు, లాభం లేకపోయింది. ఏ సైటోకైన్ ఎక్కడ, ఎప్పుడు, ఎంత విడుదల కావాలన్నది బయటి నుంచి సరిచేయగలిగేంత తేలిక కాదు.

అపోహ: రక్తంలో ఎన్‌కే కణాలు (నేచురల్ కిల్లర్ అనే రోగనిరోధక కణాలు) ఎక్కువుంటే పిండాన్ని చంపేస్తాయి.

వాస్తవం: డబ్బూ ధైర్యమూ ఎక్కువగా పోయేది ఈ నమ్మకం వల్లే. గర్భాశయంలోని ఎన్‌కే కణాలు వేరే రకం. అవి సైటోకైన్లు విడుదల చేస్తూ, మాయకు రక్తం బాగా అందేలా అక్కడి ధమనులు వెడల్పవడానికి తోడ్పడతాయి. చేతి నుంచి తీసిన రక్తం వాటి సంగతి చెప్పలేదు. ఒకావిడ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన రిపోర్టు నా ముందు పెట్టి, "నా ఒళ్లే నా బిడ్డను చంపుతోందా మేడం?" అని అడిగింది. కాదమ్మా, ఆ అంకెకు అంత అర్థం లేదని చెప్పినా నమ్మడానికి చాలాసేపు పట్టింది. ఇలాంటి కాగితం చూపించి ఒక తల్లికి అంత బాధ మిగల్చడం నాకు కోపం తెప్పిస్తుంది.

ఆ కాగితం వెనకాలే ఇమ్యూనిటీని అణచే స్టెరాయిడ్లు వస్తాయి. ట్రాన్స్‌ఫర్ పదేపదే ఫెయిలైన 715 మందికి ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ గానీ, మందు లేని మాత్ర గానీ ఇచ్చి చూసిన ట్రయల్ 2023లో వెలువడింది. ప్రసవాలు పెరగలేదు. ప్రెడ్నిసోన్ వాడినవాళ్లలో నెలలు నిండని కాన్పులు ఎక్కువయ్యాయి. ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ లాంటి జబ్బుకు స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ల సంగతి వేరు. ఇది చదివి మీ అంతట మీరు ఆపేయకండి.

ట్రాన్స్‌ఫర్ తర్వాత తుమ్మితే, మెట్లెక్కితే పిండం జారిపోదు. రోజుల తరబడి మంచం మీద పడుకోనక్కర్లేదు. టెన్షన్ పడ్డందుకే ఫెయిలైందని ఎవరన్నా పట్టించుకోకండి.

పిండం నిలవకపోవడానికి చాలాసార్లు కారణం దాని క్రోమోజోముల లోపం. తర్వాతి ట్రాన్స్‌ఫర్‌కు ముందు ఏ ఇమ్యూన్ టెస్టు రాసినా, "రిపోర్టు ఎలా వస్తే నా చికిత్స ఎలా మారుతుంది? ఆ చికిత్సతో ప్రసవాలు పెరిగాయని ఏ ట్రయల్‌లో తేలింది?" అని డాక్టరును అడగండి.